అమ్మ ఇస్తానంటున్న కిడ్నీ తీసుకోవడం స్వార్థమా?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. సొంతూరు ఒంగోలు దగ్గర, ఉద్యోగం హైదరాబాద్‌లో. 14 నెలలుగా డయాలసిస్ మీద ఉన్నాను. అమ్మకు 57. తన కిడ్నీ ఇస్తానని పట్టుబట్టి కూర్చుంది. బ్లడ్ గ్రూప్ కూడా కలిసింది. నేనే ఒప్పుకోవడం లేదు. నాన్న పోయాక మిషన్ కుట్టి నన్ను, అక్కను చదివించింది. ఇప్పుడు ఆమె ఒంట్లోంచి కూడా తీసుకుని బతకాలా అనిపిస్తోంది. నా భార్య తానిస్తానంటోంది, పాపకు మూడేళ్లు. అక్క ముందు ఇస్తానంది కానీ వాళ్ల అత్తగారింట్లో ఒప్పుకోలేదు, అందుకని అమ్మ అక్కతో మాట్లాడటం మానేసింది. ఇంట్లో అందరూ ఏడుస్తున్నారు. తల్లి త్యాగాన్ని వాడుకోవడం స్వార్థం కాదా?

సమాధానం:

తమ్ముడూ, నాకు 49 ఏళ్లు కాబట్టి అలా పిలుస్తున్నాను. డయాలసిస్ యూనిట్‌లో స్టాఫ్ నర్సుగా మొదలుపెట్టి, గత 17 ఏళ్లుగా ట్రాన్స్‌ప్లాంట్ కో-ఆర్డినేటర్‌గా పనిచేస్తున్నాను. ఇచ్చేవాళ్లను, పుచ్చుకునేవాళ్లను, ఇస్తామని చివరి నిమిషంలో ఆగిపోయినవాళ్లను, అందరినీ దగ్గరగా చూశాను. మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ‘అమ్మ ఒంట్లోంచి కూడా తీసుకోవాలా’ అన్న మాట దగ్గర కాసేపు ఆగిపోయాను. ఎందుకో కింద చెప్తాను.

ముందు మీ భయం గురించి మాట్లాడుకుందాం. అమ్మకు ఏమైనా అయితే అనేదే మీ అసలు భయం. అది తీరకుండా త్యాగం, స్వార్థం అని ఎంత మాట్లాడుకున్నా లాభం లేదు.

ఒక కిడ్నీ తీసేశాక రెండోది ఊరుకోదు. కొన్ని వారాల్లోనే పని పెంచుకుంటుంది, సైజు కూడా కొంచెం పెరుగుతుంది. ఇంతకుముందు రెండూ కలిసి చేసిన పనిలో దాదాపు 70 శాతం అదొక్కటే చేస్తుంది. మామూలు జీవితానికి అది సరిపోతుంది. ఆపరేషన్ ఇప్పుడు ఎక్కువచోట్ల లాపరోస్కోపీతోనే చేస్తున్నారు. పొట్ట మీద చిన్న రంధ్రాలు, కిడ్నీ బయటికి తీయడానికి పొత్తికడుపు దగ్గర ఒక కోత ఉంటాయి. సాధారణంగా మూడు నుంచి ఐదు రోజుల్లో ఇంటికి పంపిస్తారు. ఆరు వారాల దాకా నీళ్ల బిందె, గ్యాస్ బండ లాంటి బరువులు ఎత్తకూడదు. మిషన్ కుట్టే పని ఆ తర్వాత మెల్లగా మొదలుపెట్టుకోవచ్చు.

ప్రమాదం లేదా అంటే ఉంది. దాచిపెట్టి చెప్తే నేను చేసేది కౌన్సెలింగ్ అవదు. ఆపరేషన్ వల్ల డోనర్ చనిపోయే అవకాశం అమెరికాలో వేలమంది డోనర్ల లెక్కలు చూస్తే పదివేల మందిలో ముగ్గురు, అంతకంటే కూడా తక్కువ. ఇచ్చిన తర్వాత జీవితకాలంలో ఎప్పుడో వాళ్లకే కిడ్నీ ఫెయిలయ్యే అవకాశం పదివేల మందిలో దాదాపు 90 మందికి. అంతే ఆరోగ్యంగా ఉండి కిడ్నీ ఇవ్వనివాళ్లలో అది 14 మందికి. అంటే పెరుగుతుంది, కానీ పెరిగాక కూడా నూటికి ఒకరి లోపే. వయసు 57 కాబట్టి అమ్మ పనికిరాదు అనుకోకండి. 60 దాటిన తల్లులు కూడా టెస్టులన్నీ బాగుండి ఇచ్చినవాళ్లున్నారు. షుగర్ ఉంటే మాత్రం సాధారణంగా వద్దంటారు. ఒక్క మాత్రతో అదుపులో ఉన్న బీపీ అయితే డాక్టర్లు చూసి నిర్ణయిస్తారు. తల్లికీ బిడ్డకీ టిష్యూ టైపింగ్ (ఇద్దరి కణాల మీది గుర్తులు ఎంత కలుస్తాయో చూసే పరీక్ష) ఎప్పుడూ కనీసం సగం కలుస్తుంది, ఎందుకంటే ఆ సగం మీకొచ్చింది ఆమె దగ్గర నుంచే.

ఇంకో మాట. అమ్మ ఇస్తానన్నంత మాత్రాన ఆసుపత్రి తీసేసుకోదు. గ్లూకోజ్ తాగించి చేసే షుగర్ టెస్టు, 24 గంటల యూరిన్, రెండు కిడ్నీలూ విడివిడిగా ఎంత పనిచేస్తున్నాయో చూసే స్కాన్, రక్తనాళాల కోసం సీటీ యాంజియోగ్రామ్, గుండె పరీక్షలు, ఆ వయసు ఆడవాళ్లకు రొమ్ము, గర్భాశయ ముఖద్వారం పరీక్షలు, మానసిక వైద్యుడితో మాటలు, చివరికి ఆమె కణాలు మీ రక్తానికి పడతాయో లేదో చూసే క్రాస్‌మ్యాచ్ ఉంటాయి. ఇన్ని చేసేది ముఖ్యంగా ఆమె కోసమే. రెండు కిడ్నీల్లో కొంచెం మెరుగైనది ఆమెకే ఉంచుతారు. ఏ చిన్న అనుమానం వచ్చినా వాళ్లే ఆపేస్తారు. మీరు ఇంట్లో కూర్చుని అమ్మ తరఫున వేసుకుంటున్న భయాల్లో సగానికి ఈ టెస్టులు జవాబిస్తాయి. టెస్టుకు వెళ్లడమంటే ఆపరేషన్‌కు ఒప్పుకున్నట్టు కాదు.

ఇప్పుడు అసలు మాటకు వస్తాను.

2001లో మా నాన్నకు కిడ్నీలు పాడయ్యాయి. ఆయనకు 52. నాకు 24, అప్పటికే నర్సింగ్ చేసి ఉద్యోగంలో ఉన్నాను. గ్రూప్ కలిసింది. ఇస్తానన్నాను. నాన్న నా ముఖం కూడా చూడకుండా, ‘పెళ్లి కావాల్సిన పిల్ల ఒంటి మీద కత్తి పెట్టించి నేను బతకనమ్మా’ అన్నారు. ఆయన భయంలో నిజం లేకపోలేదు. పొట్ట మీద కుట్లున్న పిల్లను ఎవరు చేసుకుంటారని ఆ రోజుల్లో మొహం మీదే అనేవాళ్లు. చిన్న వయసులో కిడ్నీ ఇచ్చిన ఆడవాళ్లకు తర్వాత గర్భం వచ్చినప్పుడు బీపీ పెరిగే అవకాశం కొంత ఎక్కువన్నది కూడా నిజమే. అమ్మ ఇస్తానంది, ఆమెకు షుగర్. అప్పటికి ఆరోగ్యశ్రీ లేదు. వారానికి మూడుసార్లు చేయించాల్సిన డయాలసిస్‌ను రెండుకు తగ్గించుకున్నారు డబ్బుల కోసం. నేను ఎన్నిసార్లు అడిగానో లెక్కలేదు. ప్రతిసారీ అదే జవాబు. 19 నెలల తర్వాత పోయారు.

నాన్న తప్పు చేశారని ఈరోజుకీ అనను. నన్ను కాపాడుతున్నానని నమ్మారు, ఆ నమ్మకంతోనే పోయారు. అది ప్రేమే. కానీ ఆ ప్రేమకు రెండో వైపు ఒకటి ఉందని ఆయనకు తెలియలేదు. నేను చేయగలిగింది నా చేతుల్లో ఉండగా, చేయనివ్వకుండా పోయారు. నాకు పెళ్లయింది, ఇద్దరు పిల్లలు. నాన్న వయసువాళ్లు డయాలసిస్ బెడ్ మీద పడుకుని కనిపించిన ప్రతిసారీ, ఆ రోజు ఇంకొంచెం గట్టిగా అడిగి ఉండాల్సింది అనిపిస్తుంది. ఇన్నేళ్లయినా తగ్గలేదు.

అందుకే మీకు చెప్పదలుచుకున్నది ఇదీ. వద్దనడం వల్ల అమ్మకు ఏ నష్టమూ జరగదని మీరు అనుకుంటున్నారు. జరుగుతుంది. ఆ కుట్లు పైకి కనిపించవు, అంతే. మిషన్ కుట్టి చదివించిన మనిషి, బిడ్డ వారానికి మూడుసార్లు నాలుగేసి గంటలు సూదులు గుచ్చుకుని పడుకుంటే, రోజుకు కొలిచిన నీళ్లు తాగుతుంటే, ఎండాకాలం కొబ్బరినీళ్లు కూడా ఇవ్వకూడదంటే, ఆ ఇంట్లో ఎలా తిరుగుతోందో ఒక్కసారి ఆలోచించండి. ఇవ్వగలిగింది తన దగ్గర ఉంది, మీరు తీసుకోవట్లేదు. ఆమె ఏడుపు దాని గురించే.

ఈ మొహమాటం మీ ఒక్కరిదే కాదు. ప్రపంచంలో విజయవంతమైన మొదటి కిడ్నీ మార్పిడి 1954 డిసెంబర్ 23న బోస్టన్‌లో జరిగింది. రిచర్డ్ హెరిక్‌కు తన కవల సోదరుడు రొనాల్డ్ కిడ్నీ ఇచ్చాడు. ఇద్దరికీ 23 ఏళ్లు. అలాంటి ఆపరేషన్ తర్వాత మనిషి బాగా బతికిన దాఖలా అప్పటికి లేదు. ఆపరేషన్‌కు ముందురోజు రాత్రి రిచర్డ్ తన గదిలోంచి రొనాల్డ్‌కు చీటీ పంపాడు, ఇక్కడి నుంచి వెళ్లిపో, ఇంటికి పో అని. రొనాల్డ్ తిరిగి చీటీ రాశాడు, వచ్చాను, ఇక్కడే ఉంటాను అని. రిచర్డ్ ఆ కిడ్నీతో ఎనిమిదేళ్లు బతికాడు, తనకు సేవచేసిన నర్సునే పెళ్లి చేసుకున్నాడు, ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు. రొనాల్డ్ టీచరయ్యాడు. ఇచ్చిన తర్వాత 56 ఏళ్లు బతికి 2010లో తన 79వ ఏట పోయాడు. ఆ ఆపరేషన్ చేసిన జోసెఫ్ ముర్రేకు 1990లో నోబెల్ వచ్చింది. నాకు మాత్రం ఆ కథలో ఎప్పుడూ గుర్తొచ్చేది ఆ రెండు చీటీలు. మీరు ఇప్పుడు రాస్తున్నది మొదటి చీటీ. అమ్మ రెండోది ఎప్పుడో రాసేసింది.

అయితే ఇదంతా చదివి, ఇవ్వడం గొప్ప, పుచ్చుకోవడం ధర్మం, కాబట్టి ఇంట్లో అందరూ ఇవ్వాల్సిందే అని మాత్రం అర్థం చేసుకోకండి. మీ అక్క విషయంలో మీ ఇంట్లో జరుగుతున్నది నాకు నచ్చలేదు. ఉన్నమాట చెప్తున్నాను, ఏమీ అనుకోకండి.

మనమంతా శిబి చక్రవర్తి, కర్ణుడు, దధీచి కథలు వింటూ పెరిగాం. ఆ కథల్లో ఒక సంగతి మనం గమనించం. శిబి తొడ కోసి ఇవ్వాలని ఎవరూ ఆయన్ని ఇంట్లో కూర్చోబెట్టి నలుగురి ముందు ఒత్తిడి చేయలేదు. ఇవ్వకపోతే మాట్లాడటం మానేస్తామని అనలేదు. తనంతట తాను తక్కెడ ఎక్కాడు కాబట్టే అది దానమైంది. కాదనే వీలు లేనిచోట అవుననడానికి విలువ లేదు. దానికి వేరే పేరుంది, అది బలవంతం. ఎంత ప్రేమగా చేసినా బలవంతమే.

ఇంకా బాధేమిటంటే మన దేశంలో ఈ భారం దాదాపు ఎప్పుడూ ఆడవాళ్ల వైపే వాలుతుంది. జాతీయ అవయవ మార్పిడి సంస్థ లెక్కల ప్రకారం 1995 నుంచి 2021 దాకా దేశంలో జరిగిన 36,640 మార్పిడుల్లో 29 వేలకు పైగా మగవాళ్లకు జరిగాయి, ఆడవాళ్లకు 6,945. బతికుండగా ఇచ్చేవాళ్లలో మాత్రం ఎక్కువమంది తల్లులు, భార్యలు, అక్కచెల్లెళ్లు. నా కుర్చీలో కూర్చుంటే ఈ అంకెలకు మొహాలు కనిపిస్తాయి. భర్తకు ఇవ్వడానికి భార్య వస్తుంది, వెంట పదిమంది వస్తారు. భార్యకు కావాల్సి వచ్చినప్పుడు, భర్తకు ఉద్యోగం ఉందండీ, సంపాదించేవాడు కదండీ అంటారు, ఆమె పుట్టింటికి ఫోన్ చేస్తారు. అందరూ ఇలా ఉంటారనను. భార్యకు కిడ్నీ ఇచ్చి, నెలన్నర తర్వాత ఆటో నడుపుకుంటూ ఆమెను చెకప్‌కు తీసుకొచ్చిన ఆయన్ని కూడా చూశాను. కానీ అలాంటివాళ్లు తక్కువ.

కేంద్రం 2014లో తెచ్చిన నిబంధనల్లో డోనర్ మహిళ అయితే మరింత జాగ్రత్త తీసుకోవాలని, ఆమె నిజంగా తనంతట తాను ఒప్పుకుందో లేదో పేషెంట్ కాకుండా వేరేవాళ్ల ద్వారా నిర్ధారించుకోవాలని ప్రత్యేకంగా రాశారు. ఊరికే రాయలేదు. నేను ప్రతి డోనర్‌తోనూ కనీసం ఒక్కసారి ఒంటరిగా మాట్లాడతాను. తలుపు వేసి, ‘మీకు ఇష్టం లేకపోతే ఇక్కడే చెప్పండమ్మా, ఈ మాట తలుపు దాటదు’ అంటాను. ఒకసారి ఒక కోడలు ఆ మాట వినగానే ఏడుపు మొదలుపెట్టింది. భర్తకు ఇవ్వడానికి వచ్చింది. భయం. చిన్న పిల్లలు. కాదంటే పుట్టింటికి పంపేస్తారని ఇంకో భయం. డాక్టరుగారు ఇంట్లోవాళ్లతో ‘ఈమె డోనర్‌గా సరిపోరు’ అని మాత్రం చెప్పారు. అంతకుమించి వివరాలు ఇవ్వలేదు, ఇవ్వాల్సిన అవసరమూ లేదు. ఇది చదువుతున్న అక్కచెల్లెళ్లలో ఎవరైనా అలాంటి స్థితిలో ఉంటే ఇది గుర్తుపెట్టుకోండి. ఆపరేషన్ థియేటర్ గుమ్మం దాకా వచ్చి కూడా వద్దనే హక్కు మీకుంది. డాక్టరుకో కో-ఆర్డినేటర్‌కో ఒంటరిగా ఒక్క మాట చెప్పండి చాలు.

మీ అక్క కాదన్నందుకు ఆమెకు మీ మీద ప్రేమ లేదని కాదు. ఆమె కాదన్నదో, కాదనిపించారో కూడా మీకు తెలియదు. అత్తగారింటికీ పుట్టింటికీ మధ్య నలిగే ఆడపిల్లకు ఇంకో శిక్ష వేయొద్దని అమ్మకు చెప్పాల్సింది మీరే. మీరు చెప్తే వింటుంది. ఇవాళే అక్కకు ఫోన్ చేయండి. కిడ్నీ మాట ఎత్తకుండా పిల్లల గురించి అడగండి. మార్పిడి తర్వాత మొదటి మూడు నెలలు మీ ఇంట్లో వండిపెట్టడానికి, పాపను చూసుకోవడానికి, ఇద్దరు పేషెంట్లను పట్టుకుని ఆసుపత్రికి తిరగడానికి మనుషులు కావాలి. అక్క అప్పుడు వచ్చి నిలబడితే అది తక్కువ సాయమా?

మీ భార్య గురించి నేనైతే ఇలా ఆలోచిస్తాను. పాపకు మూడేళ్లు. ఇంకో బిడ్డ కావాలనుకుంటే ఇందాక చెప్పిన గర్భం నాటి బీపీ సంగతి ఉంది. మీరిద్దరూ ఒకేసారి పడుకుంటే పాపను చూసేదెవరన్న ప్రశ్న ఉంది. తీసుకున్న కిడ్నీ ఎల్లకాలం ఉండదు. బతికున్నవాళ్లు ఇచ్చినది సగటున 15 నుంచి 20 ఏళ్లు పనిచేస్తుంది. మీకు 34 ఏళ్లు కాబట్టి జీవితంలో ఇంకోసారి అవసరం పడొచ్చు. అమ్మ ఈ వయసులో ఇవ్వగలదు, 15 ఏళ్ల తర్వాత ఇవ్వలేదు. అందుకే టెస్టుల్లో అమ్మ పాసైతే ముందు తల్లి అనే చాలామంది డాక్టర్లు చెప్తారు. ఒకవేళ క్రాస్‌మ్యాచ్ కలవకపోతే స్వాప్ అనే దారి కూడా ఉంది. ఇలాగే మ్యాచ్ కాని ఇంకో కుటుంబంతో డోనర్లను మార్చుకోవడం. 2011 సవరణతో చట్టం దానికి ఒప్పుకుంది. వీటన్నిటితోపాటు, బ్రెయిన్ డెడ్ అయినవాళ్ల అవయవాలను వరుసలో ఉన్నవాళ్లకు కేటాయించే ప్రభుత్వ పథకం జీవన్‌దాన్‌లో మీ పేరు రిజిస్టర్ చేయించి ఉంచండి, చేయించకపోయి ఉంటే. డబ్బిస్తే డోనర్‌ను చూపిస్తామని వచ్చే ఏజెంట్లను మాత్రం గుమ్మం తొక్కనివ్వకండి. కిడ్నీ కొన్నా అమ్మినా చట్టప్రకారం ఐదు నుంచి పదేళ్ల జైలు, 20 లక్షల నుంచి కోటి దాకా జరిమానా. ఖర్చు సంగతికొస్తే తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ కింద మార్పిడి ఉంది. మీకు ఏది వర్తిస్తుందో నెట్‌వర్క్ ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను అడగండి.

స్వార్థం మాట దగ్గరికి వస్తాను. తీసుకోవడం స్వార్థం కాదు. తీసుకున్న తర్వాత ఎలా ఉంటామన్నదాంట్లో స్వార్థం ఉండొచ్చు. అది నేను చాలా చూశాను.

ఆపరేషన్ రోజు నుంచే చెప్తాను. మీ కిడ్నీ ఆపరేషన్ కాగానే బంధువులంతా మీ గది అద్దాల దగ్గరే ఉంటారు. కొడుకు ఎలా ఉన్నాడు, యూరిన్ ఎంత వచ్చింది, క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష అంకె) ఎంత తగ్గింది? పక్క వార్డులో డోనర్ ఒక్కతే ఉంటుంది. నొప్పి మీకంటే ఆమెకే ఎక్కువ. జబ్బు చేయని మనిషిని కోశారు కదా. మీకు కొత్త కిడ్నీ వచ్చి ఒంట్లో విషం దిగిపోతుంటే ఉత్సాహంగా ఉంటుంది, ఆమెకు మాత్రం లేచి కూర్చోవడమే కష్టం. మత్తు దిగగానే డోనర్ తల్లులు అడిగే మొదటి మాట ఏంటో తెలుసా? ‘వాడికి ఒంటేలుకు వచ్చిందా?’ అని. ఎన్నేళ్లుగా వింటున్నానో. నీళ్లు కావాలనో నొప్పిగా ఉందనో కాదు, ఆ మాటే. వచ్చిందమ్మా, యూరిన్ బ్యాగు నిండింది అని చెప్తే మళ్లీ కళ్లు మూసుకుంటారు. అందుకే ఏ కుటుంబం వచ్చినా నేను అడిగే మొదటి ప్రశ్న, డోనర్ దగ్గర ఎవరుంటారు అని. చాలామందికి జవాబు ఉండదు. అది ఆలోచించుకోకుండానే వస్తారు. మీరు ఆలోచించుకుని రండి.

తర్వాత ఏడాదికోసారి ఆమెకు బీపీ, క్రియాటినిన్, యూరిన్‌లో ప్రోటీన్ టెస్టులు చేయించాలి. ఇది ఆమె బతికినంత కాలం. మోకాళ్ల నొప్పులకు మెడికల్ షాపులో డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి కొని మింగకూడదని ఆమెకు, ఆమె వెళ్లే ఊరి డాక్టరుకు కూడా తెలిసి ఉండాలి. మన ఇళ్లల్లో కిడ్నీ తీసుకున్నవాళ్లు చెకప్‌లకు తప్పకుండా వస్తారు, ఇచ్చినవాళ్లను రెండో ఏడాది నుంచే మర్చిపోతారు. ఫోన్ చేస్తే, ఆవిడకేంటండీ, బాగానే ఉంది అంటారు. నాకు నిజంగా కోపం వచ్చేది అప్పుడే.

ఇక కొత్త కిడ్నీని ఒళ్లు తిరస్కరించకుండా మీరు వేసుకోవాల్సిన మందులు. టాక్రోలిమస్, మైకోఫెనోలేట్, స్టెరాయిడ్. ఉదయం తొమ్మిదికి, రాత్రి తొమ్మిదికి అనుకుంటే ఇక జీవితాంతం అదే టైమ్. మొదట్లో అందరూ అలారం పెట్టుకుని వేసుకుంటారు. మూడో ఏట ఒళ్లు బాగుంది కదా అని ఒక పూట మానేస్తారు. టూర్‌కు వెళ్తూ మందులు ఇంట్లో మర్చిపోతారు. ముఖ్యంగా మీ వయసు మగపిల్లలు. అలా పాడైన కిడ్నీలను చూసినప్పుడు నాకు పేషెంట్ కంటే ఇచ్చిన మనిషే ఎక్కువ గుర్తొస్తారు. అమ్మ మీ దగ్గర ఏమీ తిరిగి ఆశించదు. మీరు రుణం తీర్చుకుంటానన్నా నొచ్చుకుంటుంది. ఆ రెండు పూటల మాత్రలు టైముకు వేసుకోండి, ఆమెకు అది చాలు.

ఇచ్చినవాళ్లు లెక్క చెప్పడం మొదలుపెట్టినా ఇల్లు నిలబడదు. ఒక అన్నయ్య తమ్ముడికి ఇచ్చాడు. పొలం గట్టు దగ్గర మాట వచ్చినప్పుడల్లా ‘నా కిడ్నీ మీద బతుకుతున్నావు’ అనేవాడట. ఆ తమ్ముడు నా దగ్గర కూర్చుని, అక్కా, ఇంతకంటే డయాలసిసే నయం అన్నాడు. ఇచ్చింది ఇచ్చాక అది వాళ్లది కాదు. మీ అమ్మ అలా అనే మనిషి కాదని మీ ప్రశ్నలోనే తెలుస్తోంది. అయినా ఆపరేషన్‌కు ముందు ఇద్దరూ కూర్చుని ఒకసారి మాట్లాడుకోండి. ఇది ఫెయిలవ్వచ్చు అన్న మాట కూడా అందులో రావాలి. అది రాకుండా దాటేసే కుటుంబాలు తర్వాత చాలా బాధపడతాయి.

ఫెయిలవడం నేను చూడలేదా అంటే చూశాను. తల్లి ఇచ్చిన కిడ్నీ ఒక కుర్రాడికి నాలుగేళ్లే పనిచేసింది. మందులు సరిగ్గానే వాడాడు, అయినా పాత జబ్బే కొత్త కిడ్నీకి కూడా వచ్చింది. మళ్లీ డయాలసిస్ మొదలైన రోజు ఆ అబ్బాయి తల్లి చెయ్యి పట్టుకుని, నీది పాడుచేశానమ్మా అని వెక్కివెక్కి ఏడ్చాడు. ఆవిడ పెద్దగా చదువుకోలేదు, కూలి పనికి వెళ్లే మనిషి. ‘నాలుగేళ్లు కడుపునిండా మంచినీళ్లు తాగావు కదరా’ అంది. నేను పక్కకు వచ్చేశాను, అక్కడ నిలబడలేక. కొలిచిన నీళ్లు తాగే మీకు ఆ మాట అర్థమవుతుంది.

మీరు ఇప్పుడు ఆపరేషన్‌కు ఒప్పుకోవాల్సిన పని లేదు. ఒక్క పని చేయండి. అమ్మతో, సరే, టెస్టులకు వెళ్దాం, ఆ తర్వాత డాక్టరు ఏమంటే అది అనండి. ఆమెను కో-ఆర్డినేటర్ దగ్గరికి పంపినప్పుడు మీరు బయట కూర్చోండి, భార్య కూడా బయటే. అమ్మ లోపల ఒంటరిగా మాట్లాడాలి. ఆమె తన ఇష్టంతో వచ్చిందో లేదో వాళ్లు చూసుకుంటారు. ఆధార్, మీ ఇద్దరి బంధం చూపించే కాగితాలు, పాత ఆరోగ్య రిపోర్టులు ఉంటే అవీ తీసుకెళ్లండి. మొదటిరోజు రక్తం పరగడుపునే ఇవ్వాలి, తర్వాత గ్లూకోజ్ తాగించి రెండు గంటలు కూర్చోబెడతారు. ఒంగోలు నుంచి రాత్రి బస్సులో వచ్చి నేరుగా ఆసుపత్రికి వెళ్తే ఆమె నీరసపడుతుంది. ముందురోజే తీసుకొచ్చి మీ ఇంట్లో పడుకోబెట్టండి. రెండో శాంపిల్ ఇచ్చి బయటికి రాగానే తినడానికి టిఫిన్ డబ్బా మీరే పట్టుకెళ్లండి. క్యాంటీన్‌లో కొనిపెట్టొద్దు, ఆమెకు ఇష్టమైనదేదో ఇంట్లో చేయించి తీసుకెళ్లండి.